డబ్బ మూత తెరువు నిబ్బరముగ

మూలము:

పాత తలుపు రెక్క పక్కకు కొత్తది
చేర్చునపుడు రంగు చెప్పకోయి
కర్ర చూడు ముందు, కాంతిని పిమ్మట
డబ్బ మూత తెరువు నిబ్బరముగ

అవతారిక. ఈ ఆటవెలది ఏ శతకంలోదీ కాదు, ఈ టీక కోసమే కట్టింది. మామూలుగా ముందు పద్యం పుడుతుంది, అది ఎవరికీ కొరుకుడు పడక తర్వాత టీక పుడుతుంది. ఇక్కడ వరస తిరగబడింది. సందర్భం ఇది: పాత ఇంటి వీధి గుమ్మానికి జంట రెక్కల తలుపు. ఎడమ రెక్క అడుగు చెదలు తినేసింది, కుడి రెక్క దిట్టంగా ఉంది. ఇంటివారు వడ్రంగిని పిలిచి చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: "మేస్త్రీ, దీనికి జతగా ఇంకో రెక్క చేసి అదే రంగు కొట్టించండి." ఈ మాటలో ఒక క్రమం దాగి ఉంది. ముందు రెక్క తయారవుతుంది, తర్వాత రంగు పడుతుంది, జత కుదిర్చే భారమంతా రంగుది. పద్యం కాదంటున్నది ఈ క్రమాన్నే. చెక్కను ఎంచిన పూటే జత చాలావరకు కుదరడమో చెడడమో అయిపోతుంది, మిగిలినదాంట్లో పెద్ద వాటా వెలుతురుది, ఆ మీదట మిగిలిన కొసరే డబ్బాలోని రంగు చేయగలిగిన పని అని పద్యకర్త మతం. ఆ మతాన్ని నిలబెట్టడం టీకాకారుడి విధి.

టీక. "పాత తలుపు రెక్క" అనగా కుడి రెక్క. చిక్కు "పాత" అన్న విశేషణంతోనే మొదలవుతుంది. ఇంటివారు రెక్క మీద వేలు పెట్టి "ఇదిగో, ఈ రంగు" అంటారు. ఏ రంగు? పైభాగం చూరు నీడన ఉండి పాత పాలిష్ నిలుపుకుని ఎర్రగా మెరుస్తుంటుంది. గొళ్ళెం చుట్టూ చేతులు పడేంత మేర నూనె, చెమట, దుమ్ము కలిసి నల్లబారి, గోటితో గీరితే మైనంలా ఊడి వస్తుంది. అడుగున, గడప కడిగిన నీళ్ళూ వానజల్లూ తగిలేచోట, పాలిష్ పోయి నార లేచి బూడిదరంగు తేలి ఉంటుంది. ఇనుప మేకుల తలల చుట్టూ నల్లటి వలయాలు. అవి మురికి కావు. తడిసిన కర్రలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసింతో నల్లగీత తేలేదీ ఈ రసాయనం వల్లనే. ఇన్ని రంగుల రెక్కకు జత అంటే దేనికి జత? ముందు కుడి రెక్కను సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వీధిలో నిలబడ్డ మనిషి చూపు ఆనే నడిమి పలకను ప్రమాణంగా తీసుకోవాలని టీకాకారుడి నిర్ణయం. చేతి మురికినీ, అడుగు బూడిదనూ, మేకు వలయాలనూ కొత్త రెక్క కాలక్రమాన తానే సంపాదించుకుంటుంది. వాటిని ముందే పూసి ఇస్తే అది జత అనిపించుకోదు, వేషం అనిపించుకుంటుంది.

ప్రమాణం ఇంకొకటి ఉంది, అది మడతబందు కింద ఉంటుంది. పైబందు మరలు విప్పి రేకు తీసి చూస్తే దాని ఆకారంలోనే ఒక లేత ముక్క కనిపిస్తుంది. అక్కడ ఎండ పడలేదు, చెయ్యి పడలేదు, తర్వాతి పాలిష్‌లు పడలేదు. రెక్క బిగించిన నాటి రంగు ఎంతో కొంత నిలిచి ఉండేది ఆ రెండంగుళాల మేరలోనే. దానికీ నడిమి పలకకూ ఉన్న తేడాయే ఇన్నేళ్ళలో ఆ గుమ్మంలో కాలం చేసిన పని. కొత్త రెక్క బయలుదేరేది బందు కింది రంగు దగ్గర, చేరవలసింది నడిమి పలక దగ్గరికి. రెండూ చూడకుండా రంగు కొనబోయేవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పకుండా దారి అడిగే మనిషి.

పద్యంలో ఎక్కడా "టేకు" అని లేదు, గమనించాలి. ఇంటివారు టేకు అంటారు, వాళ్ళ తాతగారూ టేకే అన్నారు. కానీ మన పాత ఇళ్ళ తలుపులన్నీ టేకువి కావు. వేప, నల్లమద్ది, వేగిస, పనస, కలిగినవారింట జిట్రేగి, ఎక్కడ ఏది దొరికితే అది వాడారు. చెదలు తిన్న ఎడమ రెక్కే ఇక్కడ సాక్షి. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, చెదలకు అది గిట్టదు. చేవ పట్టని తెల్లభాగానికి ఆ రక్ష లేదు. కాబట్టి చెదలు తిన్న రెక్క టేకే కాకపోయి ఉండాలి, లేదా టేకైనా తెల్లభాగం కలిసిన చెక్క అయి ఉండాలి, లేదా రెండు రెక్కలూ మొదటినుంచీ ఒకే చెట్టువి కాకపోయి ఉండాలి. మూడోది తేలిందంటే "ఇవి పుట్టుజత" అన్న మాటే వీగిపోతుంది. పరీక్ష కష్టం కాదు. రెక్క పైఅంచున పదునైన ఉలితో అడ్డంగా గోరంత మేర నున్నగా కోసి, తడిపి చూడాలి. ఒక్కో ఏటి పెరుగుదల మొదట్లో కంటికి ఆనే రంధ్రాలు వరస కట్టి ఉంటే, వచ్చిన పొట్టు వేళ్ళకు కాస్త జిడ్డుగా తగిలి తోలువాసన వేస్తే టేకు. రంధ్రాలు చెదురుమదురుగా ఉండి కర్ర పచ్చగా ఉంటే పనస కావచ్చు, ఎర్రగా ఉంటే వేప కావచ్చు. పాలిష్ కింద ఎండకు మాగిన పనస, టేకు దూరానికి ఒకేలా కనిపిస్తాయి. చిత్రిక పట్టిన మరుక్షణం వేరవుతాయి.

"రంగు చెప్పకోయి" అనగా రంగు పేరు పలకవద్దని నిషేధం. ఎందుకు? షేడ్ కార్డు మీద టేకు, వాల్‌నట్, మహాగని, రోజ్‌వుడ్ అని ఉంటుంది. పేర్లు చెట్లవి, డబ్బాలో ఉన్నది స్టెయిన్ అనే రంగు. స్టెయిన్ పెయింటు లాంటిది కాదు, దాని గుండా కింది కర్ర కనిపిస్తుంది, కనిపించాలి కూడా. అందుకే కంటికి తగిలేది స్టెయిన్ రంగూ కర్ర రంగూ కలిసిన మూడో రంగు. తెల్లటి రబ్బరు కర్ర మీద బంగారంలా తేలిన "టేకు" షేడే ఎర్రటి వేప మీద ఇటుకరంగై కూర్చుంటుంది. కార్డు మీది నమూనా ఏ చెక్క మీద వేశారో, అది చెక్కేనో కాగితమో, కొనేవాడు అడగడు. ఇంకో సంగతి, స్టెయిన్ కర్రను ముదురు చేయగలదు గాని లేత చేయలేదు. కొత్త చెక్క పాతదానికంటే ముదురు పడితే ఏ షేడూ ఆదుకోదు. హైడ్రోజన్ పెరాక్సైడూ కాస్టిక్ సోడా పట్టించి కర్ర అసలు రంగునే చంపాలి, అది చేయి తిరిగినవాడు చేతొడుగులు వేసుకుని చేసే పని. ఈ పాదానికి అప్పుడే ఒక పాఠాంతరం కూడా పుట్టింది: "రంగు చెప్పవోయి". ఇది రంగుల దుకాణం వారి పాఠం. ఛందస్సు చెడదు, తలుపు చెడుతుంది. కనుక గ్రాహ్యం కాదు.

"కర్ర చూడు ముందు." పద్యానికి ఇది ఆయువుపట్టు, కాబట్టి విస్తరించక తప్పదు. చూడడమంటే జాతి చూడడం మాత్రమే కాదు. టేకుకు టేకే తెచ్చినా జత తప్పిపోయే దారులు చాలా ఉన్నాయి. అడవిలో నిదానంగా పెరిగిన చెట్టులో ఏటి వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, తోటలో నీళ్ళు తాగి ఎదిగినదాంట్లో ఎడం ఎడంగా ఉంటాయి. తోటల టేకు కొత్త విషయమేమీ కాదు, కేరళలోని నీలంబూరులో 1840లలోనే నాటారు. కానీ నేడు అడితీకి వచ్చే దుంగల్లో ఎక్కువ పాలు ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటలవి. బర్మా టేకు పేరు ఇంకా చెబుతారు గాని, మియన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతినే ఆపేసింది. చిన్న వయసులో కొట్టిన తోట చెట్టులో చేవ తక్కువ, చుట్టూ తెల్లభాగం ఎక్కువ. పలకలో అది పాలిపోయిన పట్టీగా దిగబడుతుంది, స్టెయిన్‌ను చేవలా పుచ్చుకోదు, ఒకే పలక రెండు పలకల్లా తేలుతుంది. ఇక కోత. దుంగను నడిమి నుంచి అంచుకు కోస్తే పలక మీద నిట్టనిలువు గీతలు వస్తాయి, పక్కగా వరస పలకలు కోస్తే గీతలు కోలగా మలుపు తిరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కుడి రెక్క పలకలో నిలువు గీతలుండి ఎడమ రెక్కలో మలుపు గీతలుంటే, రంగు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసినా, వీధిలో పోయేవాడు ఆగి "ఒకటి కొత్తదిలా ఉందే" అంటాడు. కన్ను ముందు గీతను పట్టుకుంటుంది, రంగును తర్వాత చదువుతుంది.

నార వాలు కూడా చూడాలి. కర్రలో నార పలకకు సమంగా ఉండదు, ఏదో ఒక వైపు వాలి ఉంటుంది. వెలుతురు దాని మీద పడి ఒక దిక్కున మెరుస్తుంది, ఎదురు దిక్కున మసకబారుతుంది. ఒకే చెక్కను రెండు ముక్కలు కోసి ఒకదాన్ని తలకిందులుగా నిలబెడితే, ఒక దిక్కు నుంచి చూసినప్పుడు ఒకటి ముదురు, ఎదురు దిక్కు నుంచి చూసినప్పుడు రెండోది ముదురు. ఈ తేడాను ఏ పాలిష్ మేస్త్రీ సరిచేయలేడు, ఎందుకంటే అది రంగులో లేదు. అడితీలో పలకలు ఎంచేటప్పుడే కుడి రెక్క ఫొటో ఒకటి, బందు కింద తీసిన పొట్టు ఒకటి దగ్గర పెట్టుకుని, పలకను పైకీ కిందికీ తిప్పి చూసి, తల వైపు సుద్దతో గుర్తు పెట్టించడం ఇంటివారి పని. పచ్చి పలక మీద తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పాలిష్ పడ్డాక వచ్చే రంగు ఇంచుమించుగా తెలిసిపోతుంది. అడితీవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వాలి.

ఆక్షేపము. "ఇంత ఎందుకు? మామిడి చెక్కను టేకుగా చూపించే పాలిష్ మేస్త్రీలు ఊరికొకరున్నారు. సోఫాలన్నీ అలాగే అమ్ముడుపోతున్నాయి కదా?" సమాధానము. ఉన్నారు, వారి నేర్పును కాదనలేం. అయితే వారు కలిపేది రంగును. టేకు రంధ్రాలు వరస కట్టి పొడవాటి సన్న గాడులై పలక మీద కనిపిస్తాయి, స్టెయిన్ వాటిలో దిగి ఇంకా ముదురు గీతలై తేలుతుంది. మామిడిలో ఆ గాడుల వరస లేదు, కాబట్టి ముదురు గీతలూ రావు. రానిదాన్ని దాచాలంటే రంగుపొడి ఎక్కువ వేసి దళసరి పూత పూయాలి, అలా పూసింది ఇక స్టెయిన్ కాదు, పెయింటే. పెయింటే వేసేటట్టయితే రెండు రెక్కలకూ వేయడం మర్యాద, అందులో తప్పూ లేదు. అదే సోఫా హాల్లో ఆ మూలనుంటే, దాని జతగాడు ఈ మూలనుంటే, ఆ మామిడి టేకుగానే చెల్లిపోతుంది, అక్కడ టేకు కొనడం డబ్బు దండగ కూడా. దూరం చాలా తప్పులను క్షమిస్తుంది. జంట రెక్కల మధ్య ఉన్న దూరం ఒక్క సందు.

మరియొక ఆక్షేపము. "అలాగైతే కూల్చిన ఇళ్ళ పాత కలపే కొంటే పోదా? వయసుకు వయసు, రంగుకు రంగు." ఇది గట్టి ఆక్షేపం, సగం నిజం కూడా. పాత దూలమో, పాత ద్వారబంధమో కోయిస్తే దగ్గరి వలయాల కర్ర దొరుకుతుంది, గీత కలుస్తుంది, బాగా ఎండినది కనుక వంగదు, బిగుసుకోదు. కానీ రంగు మాట వేరు. వెలుతురు కర్రలోకి దిగేది చాలా కొద్ది లోతు, మిల్లీమీటరులో చిన్న వంతు. పైనున్న పాత వన్నె అంతా ఆ పొరలోనిదే. రంపం మిషను మీద కోసి చిత్రిక ఒక్క పట్టు పడితే నూరేళ్ళ రంగు పొట్టుతో పాటు రాలిపోతుంది, కింద దాదాపు కొత్త కర్ర బయటపడుతుంది. పాత ముఖాన్ని అలాగే ఉంచి వెనకవైపు మాత్రమే కోసి సరిచేయించుకోగల ఓపిక ఉన్నవాడికి ఈ మార్గం ఉత్తమం. తక్కినవారు పాత కలపను దాని గీత కోసం కొనాలి, రంగు కోసం కొనరాదు.

"కాంతిని పిమ్మట." ఈ పదంలో శ్లేష ఉందని టీకాకారుడి అభిప్రాయం, పద్యకర్తను అడిగితే ఔననే అంటాడు, ఇద్దరూ ఒకరే కనుక. కాంతి అనగా ఒకటి కర్రను మార్చే వెలుతురు, రెండవది కర్రను చూపించే వెలుతురు. మొదటిదాని సంగతి. అప్పుడే కోసిన టేకు చాలామంది అనుకునే బంగారు వన్నెలో ఉండదు. పచ్చఛాయ, అక్కడక్కడ చారలు, మచ్చలు, ఇదేం కర్ర అనిపించేలా ఉంటుంది. ఎండా గాలీ తగిలిన కొద్దిరోజుల్లోనే చారలు ఒకదానిలో ఒకటి కలిసి బంగారు గోధుమవన్నె తేలుతుంది, తర్వాత ఏళ్ళ మీద ముదురుతుంది. పనస పసుపు నుంచి గోధుమకు వస్తుంది. జిట్రేగి ఎదురు నడుస్తుంది, దాని ఊదా నలుపు ఎండకు వెలిసి గోధుమకు దిగుతుంది. కనుక జత కలపవలసింది నేటి రంగుతో నేటి రంగును కాదు. పాత రెక్క తన మార్పులో చాలా భాగం ముగించుకుని నిదానించింది, కొత్త రెక్క ఇప్పుడే మొదలుపెట్టి త్వరగా నడుస్తోంది. ఈ రోజు అచ్చంగా కలిసిన టేకు రెక్క ఏడాదికి ముదురై తప్పుకుంటుంది, ఈ రోజు ఒక పిసరు లేతగా ఆగినది వచ్చి కలుస్తుంది. చిత్రిక పట్టిన పలకలను స్టెయిన్ వేసేముందు వారం పది రోజులు ఎండలో రెండు ముఖాలూ సమంగా తిప్పుతూ ఉంచితే, ఆ పచ్చఛాయ పోయాక కర్ర అసలు మాట చెబుతుంది. పని తొందరలో ఉన్న మేస్త్రీలు చేయించని పని ఇదే. ఇంటివారు అడిగి చేయించుకోవాలి.

రెండవ కాంతి ఇంకా మోసకారి. రెండు రంగులు ఒక దీపం కింద ఒకటిగా, మరో దీపం కింద వేరుగా కనిపించగలవు. పాత రెక్క వన్నె కర్ర, లక్క, ఎండ కలిసి చేసింది, కొత్తదాని వన్నెలో రసాయనపు రంగులున్నాయి. అవి వెలుతురులోని ఏయే పాయలను మింగి ఏవి తిప్పి పంపుతాయన్నది ఒకేలా ఉండదు. ఫిలమెంట్ బల్బు వెలుతురులో ఎరుపు ఎక్కువ, ఆకాశపు వెలుతురులో నీలం ఎక్కువ, ఎల్‌ఈడీ సంగతి డబ్బా మీద 3000 కెల్విన్ అనో 6500 కెల్విన్ అనో రాసి ఉన్నా, ఎన్ని పాయలున్నాయన్నది అందులో తేలదు. రంగులు కొలిచేవారు 1931లోనే ప్రామాణిక దీపాలు ఏర్పరచుకున్నది ఈ తగువు తీరకనే. వీధి తలుపుకు తీర్పు చెప్పవలసింది వీధి వెలుతురు. నమూనా ముక్కను వర్క్‌షాపు ట్యూబులైటు కింద ఒప్పుకుని వచ్చినవాడు, రెక్క బిగించాక ఉదయం చూసి పాలిష్ మేస్త్రీ మీద కోప్పడతాడు. ఆ మేస్త్రీ తప్పు అందులో లేదు. ముక్కను గుమ్మం దాకా తెచ్చి, పాత రెక్క పక్కనే నిలువుగా పట్టుకుని, ఉదయం ఒకసారి, సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి చూడాలి. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే లెక్కలోకి రాదు, తలుపు నిలబడి ఉంటుంది.

"డబ్బ" అనగా ఇప్పటికి చేతికి వచ్చిన రంగు. లోపల ఉండేవి రెండు రకాలు. స్పిరిట్‌లోనో నీళ్ళలోనో కరిగే రంగు నారలోకి ఇంకి కర్రను లోపలినుంచి రంగేస్తుంది, స్వచ్ఛంగా ఉంటుంది గాని ఎండకు వెలుస్తుంది. కరగని రంగుపొడి, అంటే జేగురు, పసుపు మన్ను వంటి ఇనుప మన్నుల జాతి, గాడుల్లో కూర్చుని గీతను ఎత్తి చూపుతుంది, ఎండకు చలించదు. వీధి తలుపుకు రెండోదే మేలు. మొదటిది వేస్తే కింద కర్ర ముదురుతుంటుంది, పైన రంగు వెలుస్తుంటుంది, రెండూ ఎప్పుడు ఎక్కడ కలుస్తాయో ఎవరూ చెప్పలేరు. పాత రెక్కలోని ఎర్రటి వెచ్చదనం చాలాసార్లు స్టెయిన్ వల్ల వచ్చిందే కాదు. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దిన పాత పాలిష్ అది, లక్కకు సహజంగానే తేనె రంగు ఉంటుంది. ఆ రెక్కకు జతగా రంగులేని మెలమైన్ పూతో పాలియురెథేన్ (పీయూ) పూతో కొట్టి, తక్కువపడిన ఎరుపును స్టెయిన్‌తో పూరించబోతే కర్ర ఇటుక పాలవుతుంది. పై పూత ఏదో తేలకుండా కింది రంగు తేల్చడం కుదరదు. అందుకే నమూనా అంటే స్టెయిన్ మరక ఒక్కటే కాదు. అదే పలక నుంచి తీసిన ముక్కను అదే నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, స్టెయిన్ వేసి, పై పూతలన్నీ పూర్తిగా వేసి ఆరబెట్టినదే నమూనా. టేకులో నూనె ఉంటుంది గనుక పూతకు ముందు థిన్నరు గుడ్డతో తుడవాలి, లేకుంటే కొన్ని పూతలు ఆరక జిగటగా ఉండిపోతాయి. పలక చివరి అంచులు ముఖం కంటే ఎక్కువ రంగు తాగుతాయి, అక్కడ ఇంకో దఫా సన్న కాగితంతో రుద్దితే ఆ దాహం తగ్గుతుంది.

ఇక మన ఊళ్ళలో ఎక్కువగా నడిచే మతం ఒకటుంది: "పాతదాన్నీ గీకేసి రెండింటికీ ఒకే పాలిష్ కొట్టేస్తే సరి." జత కుదురుతుంది, కాదనలేం. కొత్తదాన్ని పాతదానిలా చేయలేక పాతదాన్ని కొత్తదానిలా చేయడం ఇది. పైన చెప్పిన సన్నని పొర అంతా ఒక్క మధ్యాహ్నం మిషను కింద పోతుంది, మళ్ళీ రావడానికి తరం పడుతుంది. పైగా ఆ రెక్క మీద పాత పెయింటు పొరలు ఉంటే ఆ పొడిలో సీసం ఉండవచ్చు. ఇళ్ళ పెయింటులో సీసం పది లక్షల వంతుల్లో 90కి మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందటి డబ్బాల మీద ఆ కట్టడి లేదు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ తలుపును పొడిపొడిగా గీకించడం రంగు తేడా కంటే పెద్ద పొరపాటు. కుడి రెక్క పాలిష్ ఎలాగూ పెచ్చులూడి పాడై ఉంటే ఈ మతం చెల్లుతుంది. బాగున్నదాన్ని గీకడానికి మాత్రం పక్కదాని లోపం కారణం కాజాలదు.

చివరి ఆక్షేపం పండితులది. "కొత్తదాన్ని కొత్తదిగానే కనిపించనివ్వండి, పాతదానిలా నటింపజేయడం అబద్ధం." పురాతన కట్టడాల పరిరక్షణకు 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒడంబడికలో పన్నెండో అంశం ఈ వాదానికి దన్ను అని చెబుతారు. పోయిన భాగం స్థానంలో పెట్టినది అసలుదాని నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలన్నది అక్కడ ఉన్న మాటే. అయితే అదే అంశం అంతకు ముందే, కొత్త భాగం మొత్తంతో పొందికగా ఒదగాలని కూడా అంటుంది, ఆ మాటను వాదించేవారు తరచు వదిలేస్తారు. ఇల్లు గుడీ కాదు, కోటా కాదు. ఇంటి తలుపు చరిత్రకారుడి కంటే ముందు సాయంత్రం ఇల్లు చేరే మనిషికి సమాధానం చెప్పుకోవాలి. రెండు షరతులూ తీర్చే ఉపాయం వడ్రంగి చేతిలోనే ఉంది. వీధి ముఖం జతగా ఉంటుంది, రెక్క పైఅంచున, బందు వైపు, చేసిన ఏడు ఉలితో చెక్కి ఉంటుంది. తెలుసుకోవలసినవాడు నిచ్చెన వేసుకుని చదువుకుంటాడు.

"నిబ్బరముగ" అనగా తొందరపడక. పాదపూరణ కోసం వేసిన మాట అని కొందరు అనవచ్చు, ప్రాసయతి కోసం వచ్చిన మాట నిజమే గాని, పని చెడేది అది లేనప్పుడే. స్టెయిన్ తడి మీద ముదురుగా, ఆరగానే పాలిపోయి, పై పూత పడగానే మళ్ళీ ముదురుగా కనిపిస్తుంది. ఆరినప్పటి పాలిపోయిన ముఖం చూసి కంగారుపడి ఇంకో చేయి వేయించడమే తలుపుల పాలిట పెద్ద గండం. ఒక చేయి వేసి, రాత్రంతా వదిలి, పై పూతతో సహా ముక్క మీద పోల్చి, తక్కువైతేనే రెండో చేయి. వేసింది తీయలేం, వేయనిది ఎప్పుడైనా వేయవచ్చు. రెక్క బిగించిన కొత్తలో వచ్చినవాళ్ళంతా ఎడమది కాస్త లేతగా ఉందనే అంటారు, ఉండాలి గనుకనే ఉంది. ఆ మాట పట్టుకుని మళ్ళీ మూత తీయించినవారు, ఏడాది తిరిగేసరికి ఎడమది ముదురైందని కుడి రెక్కకు కూడా పూత వేయించుకుంటారు.